యూరప్ ఫుట్‌బాల్ మ్యాచ్ రాత్రి 12:30కా, 1:30కా? టైమింగ్స్, వీఏఆర్ గొడవల వెనకున్న అసలు లెక్క ఇదే!

మంగళవారం మ్యాచ్ అంటారు.. తీరా చూసేది బుధవారం తెల్లవారుజామున. పోయిన నెల 12:30కి మొదలైన మ్యాచ్ ఈ నెల 1:30కి మొదలవుతుంది. గోల్ పడి, అందరూ ఎగిరి గంతేశాక రెండు నిమిషాలకి 'గోల్ లేదు' అంటారు. యూరప్ క్లబ్ ఫుట్‌బాల్ చూసే ప్రతి తెలుగు ఫ్యాన్‌కీ ఈ మూడూ అనుభవమే. మూసాపేట, కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ, గచ్చిబౌలి దాకా బ్యాచిలర్ రూముల్లో, ఆఫీస్ క్యాంటీన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో నడిచే వాదనలన్నీ చివరికి రెండు ప్రశ్నల దగ్గరికే వస్తాయి. మ్యాచ్ ఎన్నింటికి? రిఫరీ ఇచ్చింది కరెక్టేనా?

ఈ రెండింటికీ లెక్క ఉంది. ఒక్కసారి అర్థమైతే చాలు.. అలారం తప్పదు, వాదనలో మాట తడబడదు. ఆ వివరాలు ఇప్పుడు చూద్దాం.

గంట ఎందుకు మారుతుంది?

మన దేశంలో ఏడాది పొడవునా ఒకటే టైమ్. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా దీన్ని లెక్కిస్తారు. ఈ రేఖ ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గర, మన కాకినాడకి దగ్గరగా వెళ్తుంది. అంతర్జాతీయ ప్రామాణిక సమయం కంటే మనం ఐదున్నర గంటలు ముందుంటాం. ఇందులో మార్పు ఉండదు.

యూరప్‌లో అలా కాదు. ఎండాకాలంలో పగటి వెలుతురు ఎక్కువ వాడుకోవాలని గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు. చలికాలం రాగానే మళ్లీ వెనక్కి జరుపుతారు. 1916లో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా జర్మనీ, ఆ వెంటనే బ్రిటన్ ఈ పద్ధతి మొదలుపెట్టాయి. దీన్ని ఎత్తేయాలని 2019 మార్చిలో యూరోపియన్ పార్లమెంట్ ఓటేసినా అమలు కాలేదు. కాబట్టి ఆ లెక్క ఇంకా నడుస్తూనే ఉంది.

మార్పు జరిగే రోజులు కూడా ఫిక్స్.. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం. 2026లో మార్చి 29, అక్టోబర్ 25. 2027లో మార్చి 28, అక్టోబర్ 31. బ్రిటన్, స్పెయిన్, జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ అన్నీ ఒకే క్షణంలో మారతాయి. మన గడియారంలో అది ఆదివారం ఉదయం 6:30. అంటే శనివారం మ్యాచ్‌లు పాత లెక్కలో, ఆదివారం సాయంత్రం మ్యాచ్‌లు కొత్త లెక్కలో వస్తాయన్నమాట. ఆ ఒక్క వీకెండ్‌లోనే చాలామంది ఫ్యాన్స్ మ్యాచ్ మిస్ అవుతుంటారు.

గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగే అంకెలు:

- ఇంగ్లండ్, ఎండాకాలం: మనకంటే నాలుగున్నర గంటలు వెనుక
- ఇంగ్లండ్, చలికాలం: ఐదున్నర గంటలు వెనుక
- స్పెయిన్, జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్, ఎండాకాలం: మూడున్నర గంటలు వెనుక
- అవే దేశాలు, చలికాలం: నాలుగున్నర గంటలు వెనుక

ఏ మ్యాచ్ ఎన్నింటికి?

పై లెక్క ప్రకారం రెగ్యులర్‌గా వచ్చే మ్యాచ్‌ల టైమింగ్స్ ఇలా ఉంటాయి. ముందు ఎండాకాలం టైమ్, తర్వాత చలికాలం టైమ్.

- ప్రీమియర్ లీగ్, శనివారం మధ్యాహ్నం 12:30 మ్యాచ్: మనకి సాయంత్రం 5 / 6
- ప్రీమియర్ లీగ్, శనివారం 3 గంటల మ్యాచ్: రాత్రి 7:30 / 8:30
- ప్రీమియర్ లీగ్, శనివారం సాయంత్రం 5:30 మ్యాచ్: రాత్రి 10 / 11
- ప్రీమియర్ లీగ్, ఆదివారం 2 గంటల మ్యాచ్: సాయంత్రం 6:30 / రాత్రి 7:30
- ప్రీమియర్ లీగ్, ఆదివారం 4:30 మ్యాచ్: రాత్రి 9 / 10
- జర్మనీ బుండెస్‌లిగా, శనివారం 3:30 మ్యాచ్: రాత్రి 7 / 8
- స్పెయిన్ లా లిగా, రాత్రి 9 గంటల మ్యాచ్: 12:30 / 1:30
- ఇటలీ సెరీ ఆ, రాత్రి 8:45 మ్యాచ్: 12:15 / 1:15
- ఛాంపియన్స్ లీగ్, సాయంత్రం 6:45 మ్యాచ్: రాత్రి 10:15 / 11:15
- ఛాంపియన్స్ లీగ్, రాత్రి 9 గంటల మ్యాచ్: 12:30 / 1:30

ఛాంపియన్స్ లీగ్‌లో ఇదే అసలు తిరకాసు. సెప్టెంబర్, అక్టోబర్‌లో పెద్ద మ్యాచ్‌లు 12:30కి వస్తాయి. నవంబర్ నుంచి మార్చిలో ప్రీ క్వార్టర్స్ దాకా 1:30కి వెళ్లిపోతాయి. ఏప్రిల్‌లో క్వార్టర్ ఫైనల్స్ నుంచి మళ్లీ 12:30కి వస్తాయి. గ్రూపులో ఒకరు '12:30' అని, ఇంకొకరు '1:30' అని గట్టిగా వాదించుకుంటే ఇద్దరూ కరెక్టే కావచ్చు.. ఒకరు అక్టోబర్ సంగతి, ఇంకొకరు నవంబర్ సంగతి చెబుతున్నారంతే.

తేదీ దగ్గర కూడా ఇదే గొడవ. క్లబ్ పోస్టర్ మీద 'మంగళవారం' అని ఉంటే, 9 గంటల మ్యాచ్ మనకి బుధవారం తేదీలో పడుతుంది. ఆఫీస్‌లో లీవ్ పెట్టాల్సింది కూడా బుధవారానికే. మంగళవారం లీవ్ పెట్టి ఇంట్లో పడుకుని, బుధవారం నిద్రమత్తులో లాగిన్ అయితే లీవ్ పోయినట్టే.

ఫైనల్ టైమ్ మార్చిన యూఈఎఫ్ఏ

ఫైనల్‌ని అర్ధరాత్రి చూడటం తెలుగు ఫ్యాన్స్‌కి ఏళ్ల తరబడి అలవాటు. 2024లో వెంబ్లీలో రియల్ మాడ్రిడ్ 2-0తో డార్ట్‌మండ్‌ని ఓడించిన ఫైనల్, 2025 మే 31న మ్యూనిక్‌లో పారిస్ సెయింట్ జర్మైన్ 5-0తో ఇంటర్ మిలాన్‌ని చిత్తు చేసిన ఫైనల్.. రెండూ మనకి రాత్రి 12:30కే మొదలయ్యాయి.

2025 ఆగస్టులో యూఈఎఫ్ఏ ఈ పద్ధతి మార్చింది. 2026 మే 30న బుడాపెస్ట్‌లోని పుష్కాష్ అరీనాకి కేటాయించిన ఫైనల్ నుంచి, కిక్‌ఆఫ్ అక్కడి టైమ్ సాయంత్రం 6కి అని ప్రకటించింది. అంటే మనకి రాత్రి 9:30. మ్యాచ్ చూసిన జనం సేఫ్‌గా ఇళ్లకి చేరాలి, పిల్లలు కూడా చూడగలగాలి అన్నది యూఈఎఫ్ఏ చెప్పిన కారణం. ఆ నిర్ణయం యూరప్ జనం కోసమే. అయినా హైదరాబాద్‌లో ఇంటిల్లిపాదీ కూర్చుని ఫైనల్ చూసే వీలు దాంతోనే వచ్చింది.

ఇంతకీ ఈ టైమ్ ఎవరు డిసైడ్ చేస్తారు?

చాలావరకు టీవీ సంస్థలే. ఇంగ్లండ్‌లో సీజన్ షెడ్యూల్ జూన్‌లో వస్తుంది. ఆ తర్వాత స్కై స్పోర్ట్స్, టీఎన్‌టీ స్పోర్ట్స్ తమకి కావాల్సిన మ్యాచ్‌లు ఎంచుకుంటాయి. ఎంచుకున్న మ్యాచ్‌ల రోజు, టైమ్ మారిపోతాయి. గురువారం యూరోపా లీగ్ ఆడిన జట్టుకి ఆదివారం మ్యాచ్ ఇస్తారు. పోలీసులు కూడా భద్రత దృష్ట్యా టైమ్ మార్చమంటారు. అందుకే జూన్‌లో సేవ్ చేసి పెట్టుకున్న షెడ్యూల్ ఫొటోని నవంబర్‌లో నమ్మితే దెబ్బతింటారు.

ఆసియా ప్రేక్షకుల్ని దృష్టిలో పెట్టుకునే టైమింగ్స్ కూడా ఉన్నాయి. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా మధ్య జరిగే ఎల్ క్లాసికోని లా లిగా కొన్నేళ్లుగా చాలాసార్లు స్పెయిన్ టైమ్ సాయంత్రం 4:15కి పెడుతోంది. దీనికి సరైన ఉదాహరణ 2025 అక్టోబర్ 26. ఆ రోజు ఉదయమే యూరప్ గడియారాలు వెనక్కి జరిగాయి. క్లాసికో మనకి రాత్రి 8:45కి మొదలైంది. అదే మ్యాచ్ ముందు రోజు, అదే 4:15కి పెట్టి ఉంటే మనకి 7:45 అయ్యేది.

లండన్‌లో కనిపించని మ్యాచ్.. మూసాపేటలో లైవ్!

ఇది చాలామందికి తెలియని విషయం. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ఫుట్‌బాల్ మ్యాచ్‌లని టీవీలో లైవ్ ఇవ్వకూడదు. 1960ల నుంచి ఈ రూల్ ఉంది. ఇంట్లో టీవీలో పెద్ద మ్యాచ్ వస్తే ఊళ్లో చిన్న క్లబ్‌ల స్టేడియాలకి జనం రారన్నది కారణం. అప్పట్లో బర్న్‌లీ క్లబ్ ఛైర్మన్ బాబ్ లార్డ్ దీని కోసం గట్టిగా పట్టుబట్టారు.

దీంతో లండన్‌లో ఉంటున్న తెలుగు కుర్రాడు తన పక్క వీధి స్టేడియంలో జరిగే 3 గంటల మ్యాచ్‌ని టీవీలో చూడలేడు. అదే మ్యాచ్‌ని మూసాపేటలో ఉన్న అతని తమ్ముడు రాత్రి 7:30కో, 8:30కో ఫోన్‌లో హాయిగా చూసేస్తాడు. డల్లాస్‌లో ఉన్న బావకి అది ఉదయం 9 గంటల మ్యాచ్. న్యూజెర్సీలో వాళ్లకి 10 గంటలు. ఫ్యామిలీ గ్రూపులో ఒకే గోల్ మీద ఒకరు టిఫిన్ చేస్తూ, ఇంకొకరు రాత్రి భోజనం చేస్తూ కొట్టుకుంటారు.. మధ్యలో లండన్ వాళ్లు స్కోర్ అడుగుతుంటారు.

అమెరికాతో ఇంకో మెలిక కూడా ఉంది. అక్కడ గడియారాలు మారేది మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. అంటే 2026లో మార్చి 8 నుంచి 29 వరకు అమెరికా మారిపోయి, యూరప్ మారకుండా ఉంటుంది. ఆ మూడు వారాలు డల్లాస్ బావకి 3 గంటల మ్యాచ్ 9కి కాదు, 10కి వస్తుంది. మనకి మాత్రం మార్పు ఉండదు.

వీఏఆర్: క్రికెట్ డీఆర్ఎస్‌లాంటిదే కానీ..

టైమ్ సంగతి తేలాక ఇక అసలు గొడవ.. రిఫరీ. వీడియో అసిస్టెంట్ రిఫరీనే పొట్టిగా వీఏఆర్ అంటారు. ఫ్యాన్స్ నోట్లో అది 'వార్' అయిపోయింది. పేరుకి తగ్గట్టే యుద్ధాలు జరుగుతుంటాయి.

జర్మనీ, ఇటలీ లీగ్‌లు 2017-18 సీజన్‌లో దీన్ని తెచ్చాయి. 2018లో ఆట నియమాల్లోకి అధికారికంగా వచ్చింది. అదే ఏడాది లా లిగాలో, 2019 ఫిబ్రవరిలో ఛాంపియన్స్ లీగ్‌లో, 2019-20 సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో మొదలైంది.

క్రికెట్ డీఆర్ఎస్ తెలిసిన మనవాళ్లు ఇక్కడే పొరబడతారు. డీఆర్ఎస్‌లో కెప్టెన్ రివ్యూ అడుగుతాడు, రివ్యూలకి లెక్క ఉంటుంది. వీఏఆర్‌లో ఆటగాళ్లు అడిగేదేమీ ఉండదు. గదిలో కూర్చున్న రిఫరీ ప్రతి గోల్‌నీ, ప్రతి పెనాల్టీ ఘటననీ తనంతట తానే చూస్తాడు. కానీ అన్నింట్లో వేలు పెట్టడానికి వీల్లేదు. 2025-26 సీజన్ రూల్ ప్రకారం నాలుగింట్లో మాత్రమే జోక్యం చేసుకోవాల్సి ఉండేది:

- గోల్ చెల్లుతుందా, లేదా
- పెనాల్టీ ఇవ్వాలా, వద్దా
- నేరుగా రెడ్ కార్డ్ ఇవ్వాల్సిన తప్పు జరిగిందా
- ఒకరి తప్పుకి ఇంకొకరికి కార్డ్ ఇచ్చారా

'రెండో పసుపు కార్డ్ తప్పు కదా, వీఏఆర్ ఎందుకు చూడలేదు?' అన్నది గ్రూపుల్లో తరచూ వచ్చే ప్రశ్న. ఆ సీజన్ లిస్టులో రెండో పసుపు కార్డ్ లేదు, అందుకే చూడలేదు. మామూలు ఫౌల్, త్రో ఇన్ కూడా అంతే.

ఇంకో ముఖ్యమైన షరతు.. రిఫరీ చేసింది 'స్పష్టంగా కనిపించే తప్పు' అయితేనే మార్చాలి. ఇదీ ఇవ్వొచ్చు, అదీ ఇవ్వొచ్చు అన్నట్టుంటే మైదానంలో రిఫరీ మాటే ఫైనల్. డీఆర్ఎస్‌లో 'అంపైర్స్ కాల్' లాంటిదే ఇది. ఒకే రకమైన టాకిల్‌కి ఒక మ్యాచ్‌లో పెనాల్టీ ఇచ్చి, ఇంకో మ్యాచ్‌లో ఇవ్వకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. రెండు చోట్లా మైదానంలో రిఫరీ ఇచ్చింది వేరు.. రెండు చోట్లా వీఏఆర్ దాన్ని మార్చేంత తప్పు కాదనుకుంది. అభిమానికి అన్యాయం అనిపించేది, రూల్ పుస్తకానికి కరెక్ట్ అనిపించేది ఇక్కడే విడిపోతాయి.

ఆఫ్‌సైడ్‌కి మాత్రం ఈ వెసులుబాటు లేదు. సెంటీమీటర్ దాటినా దాటినట్టే. తల, ఛాతీ, కాళ్లు లెక్కలోకి వస్తాయి.. చేతులు రావు, ఎందుకంటే చేత్తో గోల్ చేయలేరు కాబట్టి. కెమెరాలు ఆటగాళ్ల శరీర భాగాల్ని గుర్తించి గీత గీసే సెమీ ఆటోమేటెడ్ పద్ధతి 2022 నుంచి ఛాంపియన్స్ లీగ్‌లో ఉంది. లా లిగాలో 2024-25లో వచ్చింది. ప్రీమియర్ లీగ్‌లో 2025 ఏప్రిల్ 12న మొదలైంది.

హ్యాండ్‌బాల్ దగ్గర కూడా ఒక క్లారిటీ కావాలి. గోల్ కొట్టిన ఆటగాడి చేతికే బంతి తగిలి వెంటనే గోల్ అయితే, పొరపాటున తగిలినా గోల్ రద్దు. అతనికి పాస్ ఇచ్చిన సహచరుడి చేతికి పొరపాటున తగిలితే మాత్రం గోల్ చెల్లుతుంది. 2021లో చేసిన మార్పు ఇది.

ఫ్యాన్స్ ఇప్పటికీ మర్చిపోని నిర్ణయాలు

చెల్సీ-బార్సిలోనా, 2009 మే 6: ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో లెగ్. మనకి రాత్రి 12:15 మ్యాచ్. నార్వే రిఫరీ టామ్ హెన్నింగ్ ఓవ్రెబో చెల్సీ అడిగిన పెనాల్టీలు ఒక్కటీ ఇవ్వలేదు. ఆఖర్లో ఇనియెస్టా గోల్‌తో 1-1 అయింది. బయటి మైదానంలో కొట్టిన గోల్‌కి విలువ ఎక్కువన్న రూల్‌తో బార్సిలోనా ఫైనల్‌కి వెళ్లింది. ఆ రూల్‌ని యూఈఎఫ్ఏ 2021-22 నుంచి ఎత్తేసింది. 'అప్పట్లో వీఏఆర్ ఉండి ఉంటే..' అన్న వాదన చెల్సీ ఫ్యాన్స్ దగ్గర ఎప్పటికీ రెడీగా ఉంటుంది.

టోటెన్‌హామ్-లివర్‌పూల్, 2023 సెప్టెంబర్ 30: మనకి రాత్రి 10 గంటల మ్యాచ్. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు. లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అన్నాడు. వీడియోలో చూస్తే ఆఫ్‌సైడ్ కాదు. కానీ మైదానంలో గోల్ ఇచ్చేశారని వీఏఆర్ పొరబడి 'చెక్ పూర్తయింది' అని చెప్పేశాడు. ఆట మళ్లీ మొదలైంది. మొదలయ్యాక వెనక్కి వెళ్లడానికి రూల్ ఒప్పుకోదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. అది పెద్ద మానవ తప్పిదమేనని ఇంగ్లండ్ రిఫరీల సంస్థ ఒప్పుకుంది, ఆ గదిలో జరిగిన సంభాషణ ఆడియో కూడా బయటపెట్టింది. మ్యాచ్ మళ్లీ ఆడించాలని కోచ్ యుర్గెన్ క్లాప్ అన్నా, ఫలితం మారలేదు. ఇక్కడ టెక్నాలజీ ఫెయిల్ కాలేదు.. ఇద్దరి మధ్య మాట ఫెయిల్ అయింది.

రియల్ మాడ్రిడ్-బార్సిలోనా, 2024 ఏప్రిల్ 21: కార్నర్ నుంచి లమీన్ యమాల్ తాకిన బంతిని గోల్‌కీపర్ గీత దగ్గర ఆపాడు. గీత దాటిందా, లేదా? చెప్పే టెక్నాలజీ అక్కడ లేదు. ప్రీమియర్ లీగ్ 2013-14 నుంచే వాడుతున్న గోల్ లైన్ టెక్నాలజీని లా లిగా పెట్టుకోలేదు. గోల్ ఇవ్వలేదు. రియల్ 3-2తో గెలిచింది.

అట్లెటికో-రియల్ మాడ్రిడ్, 2025 మార్చి 12: మనకి మార్చి 13 తెల్లవారుజాము 1:30 మ్యాచ్. ఎక్స్‌ట్రా టైమ్ అయి, పెనాల్టీ షూటౌట్ వచ్చేసరికి ఇక్కడ 4 గంటల వేళ. అట్లెటికో ఆటగాడు హులియన్ అల్వారెజ్ జారుతూ కొట్టిన బంతి గోల్‌లోకి వెళ్లింది. కానీ రెండు కాళ్లూ బంతికి తగిలాయని వీఏఆర్ తేల్చి రద్దు చేసింది. రియల్ షూటౌట్ 4-2తో గెలిచింది. ఆ తర్వాత నియమాల సంస్థ ఐఎఫ్ఏబీ క్లారిటీ ఇచ్చింది.. పొరపాటున రెండుసార్లు తగిలి గోల్ అయితే, పెనాల్టీ మళ్లీ కొట్టించాలి అని. రూల్ మారింది కానీ అట్లెటికో మాత్రం తిరిగి రాలేదు.

రియల్ మాడ్రిడ్-బార్సిలోనా, 2025 అక్టోబర్ 26: పైన చెప్పుకున్న 8:45 మ్యాచ్ ఇదే. మొదట్లోనే రియల్‌కి ఇచ్చిన పెనాల్టీని వీఏఆర్ రద్దు చేయించింది. ఎంబాపే దూరం నుంచి కొట్టిన గోల్ ఆఫ్‌సైడ్‌గా పోయింది. అయినా రియల్ 2-1తో గెలిచింది. వీఏఆర్ ఎప్పుడూ ఒకే జట్టుకి ఫేవర్ చేస్తుందని వాదించే రెండు వర్గాలకీ ఈ మ్యాచ్ ఇబ్బందే.

రూల్స్ మార్చేది ఎవరు?

ఫిఫా ఒక్కటే కాదు. 1886లో పుట్టిన ఐఎఫ్ఏబీ చేతిలో ఆట నియమాలు ఉంటాయి. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లాండ్ సంఘాలకి ఒక్కో ఓటు, ఫిఫాకి 4 ఓట్లు. మొత్తం 8లో 6 ఓట్లు పడితేనే రూల్ మారుతుంది. 2025-26 నుంచి వచ్చిన ఒక మార్పుని చాలామంది గమనించే ఉంటారు.. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో 8 సెకన్లకి మించి పట్టుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇస్తారు.

మరి మన ఫుట్‌బాల్ సంగతేంటి?

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్తగా వచ్చిన మోజేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుని తీర్చిదిద్దిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత కోచ్‌గా 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

ఈ తరం విషయానికొస్తే, హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ని షూటౌట్‌లో ఓడించి ఐఎస్ఎల్ టైటిల్ కొట్టింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం ఆ జట్టుకి హోమ్ గ్రౌండ్‌గా ఉండేది. ఐటీ ఉద్యోగులు ఆఫీస్ నుంచి నేరుగా వెళ్లి, రాత్రి 7:30 మ్యాచ్ చూసి, టైమ్‌కి ఇంటికి చేరేవాళ్లు. 2025 అక్టోబర్‌లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2025 డిసెంబర్ 13న ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వస్తే జనం పోటెత్తారు. అభిమానం ఉంది.. ఐఎస్ఎల్‌లో 'మనది' అనుకునే జట్టే లేకుండా పోయింది. ఇక్కడి కుర్రాళ్లు మాడ్రిడ్, మాంచెస్టర్ జట్ల కోసం అర్ధరాత్రి మేలుకోవడం వెనక ఈ వెలితి కూడా ఉంది.

ఐఎస్ఎల్‌లో వీఏఆర్ లేదు. 2023 మార్చి 3న బెంగళూరుతో నాకౌట్ మ్యాచ్‌లో సునీల్ ఛెత్రీ కొట్టిన ఫ్రీకిక్ గోల్‌ని రిఫరీ ఇచ్చేయడంతో, కేరళ బ్లాస్టర్స్ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. వీఏఆర్ వల్ల గొడవలు అనేవాళ్లు, వీఏఆర్ లేకపోతే ఏమవుతుందో ఆ మ్యాచ్ గుర్తుచేసుకోవాలి.

మెట్రో, షిఫ్ట్, నిద్ర.. ఈ లెక్క కూడా చూసుకోండి

ఆట మొత్తం మామూలుగా రెండు గంటల్లోపు అయిపోతుంది. 1:30 మ్యాచ్ ముగిసేసరికి 3:20 దాటుతుంది. ఎక్స్‌ట్రా టైమ్, షూటౌట్ వస్తే 4 దాటుతుంది. ఉదయం 9 గంటల లాగిన్ ఉన్నవాళ్లకి మిగిలే నిద్ర ఎంతో ఎవరికి వాళ్లే లెక్కేసుకోవచ్చు.

లండన్ క్లయింట్‌తో పనిచేసేవాళ్లకి ఒక చిన్న ఊరట ఉంది. లండన్‌లో ఉదయం 9 అంటే మనకి ఎండాకాలంలో మధ్యాహ్నం 1:30, చలికాలంలో 2:30. మ్యాచ్ గంట లేటయ్యే నెలల్లోనే, లండన్ టైమ్‌ని పాటించే షిఫ్ట్ కూడా గంట లేట్‌గా మొదలవుతుంది. ఇక్కడి టైమ్‌తో పనిచేసేవాళ్లకి ఆ అవకాశం లేదు.

ఫ్రెండ్ రూమ్‌కి వెళ్లి చూసేవాళ్లు తిరుగు ప్రయాణం కూడా ఆలోచించాలి. మియాపూర్-ఎల్బీనగర్ లైన్‌లో ఉన్న మూసాపేట నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేటలో మారాలి. రాత్రి 11 తర్వాత ఆ దారి లేనట్టే. 8:30 మ్యాచ్ చూసి మెట్రో అందుకోవచ్చు. 10 గంటల మ్యాచ్ చూస్తే కుదరదు. అప్పుడు మిగిలేది కైత్లాపూర్ ఫ్లైఓవర్ మీదుగా బైక్. తెల్లవారుజామున 3:30కి, నిద్ర కళ్లతో, ఖాళీ రోడ్డు మీద బైక్ నడపడం అసలు ప్రమాదం. ఆ టైమ్‌కి మ్యాచ్ అయితే అక్కడే పడుకుని పొద్దున్నే 6 తర్వాత మెట్రో ఎక్కడం బెటర్.

వాదన వరకు ఓకే.. పందెం వద్దు

'అది పెనాల్టీయే' అన్న వాదన ఒక్కోసారి 'ఎంత పందెం?' దాకా వెళ్తుంది. తెలంగాణలో 2017లో చేసిన చట్ట సవరణ ప్రకారం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పందేలు ఆడటం నేరం. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని నిషేధిస్తూ కేంద్రం కూడా చట్టం తెచ్చింది. 'ఫిక్స్‌డ్ మ్యాచ్ టిప్స్' పేరుతో టెలిగ్రామ్‌లో వచ్చే మెసేజ్‌లు మోసాలే. పైన చెప్పిన మ్యాచ్‌లు చూస్తే చాలు.. గదిలో ఒక మాట తడబడితేనే ఫలితం తారుమారైంది. ముందే ఫలితం తెలుసనేవాడిని నమ్మి జీతం పోగొట్టుకోవద్దు.

ఎక్కడ చూడాలి? ఏం గుర్తుంచుకోవాలి?

2025-26 సీజన్‌లో మన దేశంలో ప్రీమియర్ లీగ్ స్టార్ స్పోర్ట్స్, జియోహాట్‌స్టార్‌లో వచ్చింది. ఛాంపియన్స్ లీగ్ సోనీ స్పోర్ట్స్, సోనీలివ్‌లో, లా లిగా ఫ్యాన్‌కోడ్‌లో వచ్చాయి. హక్కులు మారుతుంటాయి కాబట్టి సబ్‌స్క్రిప్షన్ తీసుకునే ముందు ఒకసారి చెక్ చేసుకోవాలి.

- ఫోన్ క్యాలెండర్‌లో మ్యాచ్ సేవ్ చేసేటప్పుడు టైమ్ జోన్ లండన్ లేదా మాడ్రిడ్ అని పెట్టండి. గంట మార్పుని ఫోనే చూసుకుంటుంది.
- షెడ్యూల్ ఫొటోలు కాకుండా లీగ్ అధికారిక యాప్‌లో టైమ్ చూడండి. అది మన టైమ్‌నే చూపిస్తుంది.
- రాత్రి 12 దాటే మ్యాచ్‌కి తేదీ ఒకరోజు ముందుకి జరపండి.
- యాప్‌లో లైవ్ టీవీ కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. మ్యాచ్ టైమ్‌లో గ్రూప్ మ్యూట్ చేయకపోతే గోల్ మీకంటే ముందు వాట్సాప్‌కి తెలుస్తుంది.
- గోల్ పడగానే గంతులేయండి, తప్పులేదు. కానీ 'గోల్' అని గ్రూపులో పెట్టే ముందు సెంటర్‌లో బంతి పెట్టి ఆట మళ్లీ మొదలైందో లేదో చూడండి. మొదలైతే ఆ గోల్‌ని ఇక వీఏఆర్ కూడా వెనక్కి తీసుకోలేదు.